నాలుగు డిగ్రీలు

టైలరమ్మ కుక్కపిల్లని తువ్వాల్లో చుట్టి, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించుకుని తెచ్చింది. బల్ల మీద దింపుతుంటే ఆమె మెడలో వేలాడుతున్న కొలతల టేపు కుక్క ముందుకాళ్ళకి చుట్టుకుంది. కాంపౌండరు దాన్ని మెల్లగా విడదీసి ఆమె భుజం మీదికి వేశాడు.

“వారమైంది, చిన్న డాక్టరుగారూ,” అంది ఆమె. “మొదట కళ్ళు పుసులు కట్టాయి. గుడ్డపీలికల దుమ్ము పడిందేమో అనుకుని తుడిచాను. తర్వాత ముక్కు కారడం మొదలెట్టింది. నిన్నటి నుంచి తిండి ముట్టట్లేదు.”

ఆ క్లినిక్కుకి వచ్చేవాళ్ళందరూ కాంపౌండరుని చిన్న డాక్టరనే పిలుస్తారు. పెద్ద డాక్టరుగారికి చదువుంది, చిన్న డాక్టరుగారికి హస్తవాసి ఉంది అని వాళ్ళలో వాళ్ళు అనుకుంటారు. అతను సూది వేస్తే కుక్క కుయ్యిమనదు. ఎప్పుడు గుచ్చాడో ఎప్పుడు తీశాడో పక్కన నిలబడ్డ యజమానికే తెలియదు. ఈ మాట ఎవరైనా తన ఎదురుగా అంటే అతను వినబడనట్టు నటిస్తూ, సిరంజిలో గాలిబుడగ పోగొట్టే వంకతో దాన్ని వేలితో కాస్త ఎక్కువసేపు కొడతాడు.

కుక్కపిల్ల పేరు గుండీ. నల్లటి ఒంటికి ఆ గుండ్రటి ముక్కు కోటుకి కుట్టిన గుండీలా ఉందని టైలరమ్మ కూతురు పెట్టిన పేరు. రెండుసార్లు టీకాకి వచ్చినప్పుడూ అది ఈ బల్ల మీదే కాంపౌండరు జేబులోంచి పెన్ను లాగి నమిలింది. ఇవాళ పెన్ను వైపు చూడనైనా లేదు. ముక్కు మీద పెచ్చు కట్టింది. కళ్ళ మూలల్లో పచ్చటి చీము రెప్పల్ని అంటించేసింది.

డాక్టరుగారు థర్మామీటరు చూశారు. నూట నాలుగు. పొట్ట కింద వేళ్ళతో వెంట్రుకలు విడదీసి, అక్కడ గసగసాల్లా లేచిన చీముపొక్కుల్ని చూశారు. తర్వాత ముందుకాలు ఎత్తి పాదం అడుగున బొటనవేలితో నొక్కారు. మెత్తగా ఉండాల్సిన చోట పాత చెప్పు అట్టలా గట్టిగా ఉంది.

“డిస్టెంపర్,” అన్నారు.

“అంటే ఏంటండీ?”

“వైరస్. ఒక కుక్క తుమ్మితే ఇంకో కుక్కకి, ఒకే గిన్నెలో తాగితే ఇంకో కుక్కకి వస్తుంది. మనుషులకి రాదు, భయపడకండి. ముందు జ్వరం, కళ్ళు, ముక్కు. తర్వాత దగ్గు, వాంతులు, విరేచనాలు. అక్కడితో ఆగితే అదృష్టం. కొన్నిటికి మెదడు దాకా ఎక్కుతుంది.”

“మందుంది కదండీ?”

“ఆ వైరస్‌ని చంపే మందు లేదు. ఒంట్లో నీరు తగ్గకుండా సెలైన్ పెడతాం. దాని మీద ఇంకో జబ్బు పడకుండా యాంటీబయాటిక్ ఇస్తాం. కళ్ళూ ముక్కూ శుభ్రం చేస్తాం. మిగతాది దాని ఒంట్లో ఉన్న సత్తువే చూసుకోవాలి.”

టైలరమ్మ నమ్మలేనట్టు ఇద్దరి వంకా చూసింది. “మరి టీకా వేయించాను కదండీ. రెండుసార్లూ చెప్పిన రోజుకే తెచ్చాను.” సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి టీకా కార్డు తీసి బల్ల మీద పెట్టింది. కార్డు ఒక్క మడత కూడా పడకుండా ఉంది.

డాక్టరుగారు చూసి కార్డుని కాంపౌండరు వైపు జరిపారు. సీసా మీంచి ఊడదీసి అంటించిన లేబుళ్ళు రెండు, పక్కన తేదీలు, తేదీల కింద తన పొట్టి సంతకం. మొదటి తేదీ ఒక సోమవారం. కాంపౌండరు దాన్ని రెండోసారి చదవలేదు. మొదటిసారికే చూపు అక్కడ ఆగిపోయింది.

“రెండో టీకా వేశాక రెండు వారాలు బయటికి తీసుకెళ్ళొద్దన్నానా లేదా?” అని డాక్టరుగారు అడుగుతున్నారు.

“అన్నారండీ.”

“తీసుకెళ్ళారా?”

“ఒక్కసారి,” అంది టైలరమ్మ. “పాల దుకాణం దాకా. అమ్మాయి బడికెళ్ళింది, ఇది ఒక్కతే తలుపు గీకుతూ ఏడుస్తుంటే చూడలేక. అక్కడ ఏదో వీధికుక్క దీని మూతి వాసన చూసింది. వెంటనే ఎత్తేసుకున్నాను.”

“ఒక్కసారి చాలు కదమ్మా.”

ఆయన గొంతులో కోపం లేదు. పొద్దుట నుంచీ చూసిన పద్నాలుగో కేసు అది. కానీ టైలరమ్మ ముఖం పాలిపోయింది. భుజం మీది టేపు తీసి వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

“అయితే నా వల్లేనన్నమాట,” అంది.

కాంపౌండరు దూది ఉండలు చేస్తున్నాడు. అవసరమైనవాటికి రెట్టింపు చేశాడు.

*

ఏడు వారాల కిందట ఒక శనివారం మధ్యాహ్నం, జూలు అట్టలు కట్టిన ఒక పెద్ద కుక్కకి వెంట్రుకలు తీయడానికి కాంపౌండరు వెనకగదిలో ట్రిమ్మరు పెట్టాడు. ఆ గదిలో సరిగ్గా పనిచేసే సాకెట్టు ఒక్కటే ఉంది, దానికి టీకాల ఫ్రిజ్ ప్లగ్గు ఉంటుంది. దాన్ని పీకాడు. పని అయ్యాక ట్రిమ్మరు తీశాడు, నేల ఊడ్చాడు, తాళం వేశాడు. ఆదివారం సెలవు. సోమవారం తలుపు తీసేసరికి ఫ్రిజ్ కింద నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. లోపలి థర్మామీటరు ముప్పై ఒకటి చూపిస్తోంది. రెండు నుంచి ఎనిమిది లోపు ఉండాలి.

అతను ప్లగ్గు పెట్టాడు. గుడ్డ తెచ్చి నీళ్ళు తుడిచాడు. టీకా పెట్టె తెరిచి ఒక సీసా వెలుతురుకి ఎత్తి చూశాడు. అడుగున అంటుకున్న తెల్లటి పొడిబిళ్ళ ఎప్పటిలాగే ఉంది. రంగు మారలేదు, కరగలేదు. పొడికేమవుతుంది అనుకున్నాడు. పాతరోజుల్లో ఇవే టీకాలు సైకిలు మీద ఊళ్ళు తిప్పేవాళ్ళం కదా అనుకున్నాడు. ఆ సైకిలుకి మంచు నింపిన ఫ్లాస్కు ఉండేదన్న సంగతి గుర్తుకు రానివ్వలేదు. ఫ్రిజ్ తలుపుకి వేలాడే చార్టులో శనివారం సాయంత్రానికి ఒకటి, సోమవారం పొద్దుటికి ఒకటి, ‘నాలుగు’ అని రాశాడు. అప్పటికి ముందుగదిలో గుండీ వచ్చి ఉంది. ఆ పెట్టెలోంచి తీసిన మొదటి సీసా దానికే.

డాక్టరుగారికి చెబితే ఏమయ్యేది? పెట్టె పారేసేవారు, కొత్తది తెప్పించేవారు, రెండు మాటలు అనేవారు. అంతే. ఇప్పుడు, వెనకాల పాత స్నానాలగదిలో గుండీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కాచి చల్లార్చిన నీళ్ళలో ముంచిన దూదితో దాని రెప్పలు నానబెడుతూ, ఆ రెండు మాటలకే తనెందుకంత భయపడ్డాడో అతనికి అర్థం కావడం లేదు. భయం కూడా కాదు. నామోషీ.

స్నానాలగదిని అంటుజబ్బుల గది చేసింది తనే. గుమ్మంలో బ్లీచింగ్ నీళ్ళ బేసిను, వచ్చేప్పుడూ పోయేప్పుడూ చెప్పులు ముంచాలి. గోడకి మేకు, మేకుకి సెలైన్ సీసా. గుండీ ముందుకాలికి పెట్టిన సూది ఊడకుండా చుట్టిన ప్లాస్టరు. రెండు గంటలకోసారి రెప్పలు, ముక్కు. చీము మెత్తబడ్డాక లోపలినుంచి బయటికి ఒకే ఒక్క తుడుపు, దూది పారేసి మళ్ళీ కొత్త దూది. రెప్పలు విడినప్పుడల్లా గుండీ అతన్ని చూసి తోక ఒకసారి నేలకి కొట్టేది. ఆ ఒక్క చప్పుడు అతనికి భరించడం కష్టంగా ఉండేది.

టైలరమ్మ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చేది. లోపలికి రానివ్వరు కాబట్టి గుమ్మానికి ఇవతల స్టూలు మీద కూర్చునేది. ఊరికే కూర్చోవడం చేతకాదు ఆమెకి. చేతిలో ఎవరిదో ప్యాంటు అంచు కుడుతూ, సూదికీ కుక్కకీ మధ్య చూపు తిప్పుతూ ఉండేది.

“మా అమ్మాయి మాట్లాడటం మానేసిందండీ నాతో,” అంది మంగళవారం సాయంత్రం. “డాక్టరుగారన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. దాచి ఏం లాభం? ‘నేను వద్దన్నాను కదా, నువ్వే తీసుకెళ్ళావు’ అంది. అంతే. కంచం పట్టుకుని వెళ్ళి మెట్ల మీద కూర్చుని తింటోంది.”

“చిన్నపిల్ల,” అన్నాడు కాంపౌండరు.

“చిన్నదైతే? అన్నదాంట్లో తప్పేముంది.” దారం పళ్ళతో తెంపింది. “మీరు మాత్రం ఎంత చేస్తున్నారండీ. సొంతవాళ్ళు కూడా ఇలా చూడరు.”

కాంపౌండరు బ్లీచింగ్ బేసినులో చేతులు ముంచాడు. వేళ్ళ సందుల్లో మంట పుట్టేదాకా అలాగే ఉంచాడు.

ఇంట్లో భార్య కనిపెట్టింది. “ఏంటా చేతులు? గోడకి సున్నం వేసినట్టున్నాయి. ఆ కుక్క బతికేలోపు మీ తోలు ఊడేట్టుంది.” అతను నవ్వలేదు. ఆమె కంచంలోకి చూసింది. “రెండు రోజుల నుంచి ముద్ద కలపడమే గానీ తినడం లేదు. ఎవరితోనైనా గొడవా?”

“లేదు.”

“మరి?”

“ఏమీ లేదు. కాస్త చారు వెయ్యి,” అన్నాడు. వేసింది కూడా అలాగే మిగిలిపోయింది.

*

బుధవారం మధ్యాహ్నం ఆఖరి కేసు వెళ్ళిపోయాక డాక్టరుగారు సింకు దగ్గర చేతులు కడుక్కుంటుంటే కాంపౌండరు వెళ్ళి వెనక నిలబడ్డాడు.

“ఫ్రిజ్ ఆగిపోయింది సార్.”

“ఎప్పుడు? పొద్దున చూశానే.”

“ఇప్పుడు కాదు సార్. ఏడు వారాల కిందట. శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దుటి దాకా. నేనే ప్లగ్గు పీకి, పెట్టడం మర్చిపోయాను.”

డాక్టరుగారు కుళాయి కట్టారు. చేతుల్నుంచి నీళ్ళు కారుతుండగానే వెనకగదిలోకి నడిచి చార్టు తిరగేశారు. వారం తర్వాత వారం, నిలువునా ఒకే చేతిరాతలో నాలుగు, అయిదు, నాలుగు, నాలుగు. ఆయన వేలు ఆ సోమవారం దగ్గర ఆగి తడి మరక చేసింది.

“ఇది?”

“అబద్ధం సార్.”

ఫ్రిజ్ తెరిచి పెట్టె బయటికి తీశారు. ఇరవై అయిదు సీసాల్లో ఆరు మిగిలాయి. “పందొమ్మిది డోసులు,” అన్నారు నెమ్మదిగా.

“పదమూడు కుక్కలు సార్. ఆరిటికి రెండోసారి కూడా ఇందులోదే. రిజిస్టరు చూశాను.”

డాక్టరుగారు పెట్టెని చెత్తబుట్టలో వేశారు. తర్వాత వంగి బయటికి తీసి, పాత కాగితంలో చుట్టి మళ్ళీ వేశారు. “ఎవరికైనా చెప్పావా?” అని అడిగారు.

“లేదు సార్. మీకే.”

“చెప్పకు. ఆగు, నా మాట పూర్తిగా విను. టీకా ఎంత బాగున్నా కొన్ని కుక్కలకి పట్టదు. ఈ పిల్లకి దీనివల్లే వచ్చిందని నువ్వు రుజువు చెయ్యలేవు, కాదని నేను చెయ్యలేను. ఇప్పుడు ఇంటింటికీ వెళ్ళి చాటితే రేపు ఈ గడప ఎవడూ తొక్కడు. నీ ముఖమూ నా ముఖమూ ఎవడూ చూడడు. వచ్చే నెలలో ఏదో బూస్టరని చెప్పి అందరినీ పిలిపిద్దాం. కొత్తది వేసేద్దాం. ఎవరికీ నష్టం లేదు.”

“నెల రోజులా సార్?”

“మరీ ఒకేసారి పిలిస్తే అనుమానం రాదూ?”

“టైలరమ్మకి?”

డాక్టరుగారు తువ్వాలు అందుకుని చేతులు తుడుచుకున్నారు. చేతులు ఆరిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉన్నారు.

“ఆమెకి చెబితే కుక్క బతుకుతుందా?” అన్నారు.

ఆ మాట కాంపౌండరుకి ఒక క్షణం హాయిగా కూడా అనిపించింది. అలా అనిపించినందుకు తల కొట్టేసినట్టయింది.

*

గురువారం పొద్దున గుండీ దవడ ఆడించడం మొదలుపెట్టింది. నోట్లో ఏమీ లేదు, ఏదో నములుతున్నట్టు టకటకా కొట్టుకుంటోంది, నోటి చివర నురగ. అరనిమిషం. తర్వాత ఎక్కడున్నానో తెలియనట్టు గోడకేసి చూస్తూ నిలబడింది. మధ్యాహ్నానికి మూడుసార్లు వచ్చింది. నాలుగోసారి పక్కకి ఒరిగిపోయి, నాలుగు కాళ్ళూ పరిగెత్తుతున్నట్టు గాల్లో తన్నుకుంది. డాక్టరుగారు ఫిట్సు ఆగే మందు ఎక్కించారు. ఒక గంట ఆగింది. మళ్ళీ వచ్చింది. ఫిట్సు లేనప్పుడు కూడా ఎడమ ముందుకాలు నిద్రలో సైతం లయ తప్పకుండా ఎగిరెగిరి పడుతూనే ఉంది.

టైలరమ్మకి కబురు పంపారు. ఆమె వచ్చి, మొదటిసారి గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఎవరూ వద్దనలేదు.

“మెదడుకెక్కిందమ్మా,” అన్నారు డాక్టరుగారు. “కొన్ని ఇక్కడి నుంచి కూడా తిరిగొస్తాయి. ఇది తిరిగొచ్చేలా లేదు. ఇక ఉన్నదంతా బాధే. మీరు సరేనంటే నిద్రపుచ్చేద్దాం.”

ఆమె గుండీ తల తొడ మీద పెట్టుకుంది. అది ఆమెని గుర్తుపట్టిందో లేదో తెలియదు. “నేను చేసిన పనికి ఇది పోతోంది,” అంది, ఎవరికో కాదు, ఆ కుక్కకే చెబుతున్నట్టు. “పాలకి ఒక్కదాన్నే వెళ్ళి ఉంటే సరిపోయేది.”

కాంపౌండరు నోరు తెరిచాడు. డాక్టరుగారు అతని వైపు చూశారు. బెదిరింపు కాదు ఆ చూపు. బతిమాలినట్టుంది. కాంపౌండరు నోరు మూసుకుని, ఎగురుతున్న ఆ కాలిని గట్టిగా కదలకుండా పట్టుకున్నాడు. మందు లోపలికి వెళ్ళింది. కాలు అతని పిడికిట్లో ఇంకో నాలుగుసార్లు కొట్టుకుని ఆగింది.

కూతురు గేటు దగ్గరే ఉంది, బడి బట్టల్లో, వీపు క్లినిక్కు వైపు తిప్పి. పన్నెండేళ్ళుంటాయి. టైలరమ్మ తువ్వాలు మూటతో బయటికి వచ్చి ఏదో అంది. పిల్ల తల్లి ముఖం వంక చూడకుండా మూటని అందుకుంది. ఇద్దరూ బయల్దేరారు. పిల్ల పదడుగులు ముందు. తల్లి వేగం పెంచితే పిల్ల వేగం పెంచింది. వీధి మలుపు దాకా ఆ పదడుగులూ తరగలేదు.

కాంపౌండరు కిటికీ దగ్గర నిలబడి చివరిదాకా చూశాడు.

*

టైలరమ్మ ఇల్లు ఒక సందులో, మెట్లెక్కి పైన. శుక్రవారం మధ్యాహ్నం అతను వెళ్ళేసరికి ఆమె మిషను తొక్కుతోంది. గదిలో సగం మిషను, సగం బట్టల మూటలు. గోడవారన పాత చీరతో కుట్టిన చిన్న పరుపు ఇంకా అలాగే ఉంది, మధ్యలో గుంట పడి. కూతురు బడికి వెళ్ళనట్టుంది. లోపలి గది గుమ్మంలో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“మీ తప్పు కాదమ్మా,” అన్నాడు కాంపౌండరు గుమ్మంలోంచే.

“ఊరడించడానికి వచ్చారా? మీరు మంచివారండీ, కానీ...”

“ఊరడింపు కాదు. తప్పు నాది.”

దారిలో అతను మాటలు కూర్చుకుని వచ్చాడు. ఒక్కటీ పనికిరాలేదు. సాకెట్టు, ట్రిమ్మరు, ప్లగ్గు, నీళ్ళ మడుగు, చార్టులో రాసిన నాలుగు, తలా తోకా లేకుండా వచ్చాయి. చెబుతున్నంతసేపూ మిషను చక్రం మీద ఉన్న ఆమె చేతినే చూశాడు. చెప్పడం అయ్యాక తిడుతుందని ఎదురుచూశాడు. ఏడుస్తుందేమో, పోన్లెండి అంటుందేమో అని కూడా ఎదురుచూశాడు. తను వచ్చింది వీటిలో ఏదో ఒకదాని కోసమేనని అతనికి అప్పటిదాకా తెలియదు.

“ఎన్ని కుక్కలు?” అంది టైలరమ్మ.

“ఏంటమ్మా?”

“ఆ పాడైపోయిన టీకా ఎన్నిటికి వేశారు?”

“గుండీతో కలిపి పదమూడు.”

“మిగతా పన్నెండు బాగానే ఉన్నాయా?”

“తెలీదు. ఉండే ఉంటాయి. ఎవరూ తీసుకురాలేదు.”

“వాళ్ళకి చెప్పారా?”

“లేదమ్మా. ముందు మీకే...”

“ముందు నాకెందుకు?” ఆమె గొంతు పెంచలేదు. కొలత తప్పిన బట్టని ఎక్కడ విప్పాలా అని చూస్తున్నట్టు అతని వైపు చూసింది. “నా కుక్క పోయింది కదండీ. నాకు చెబితే మీ మనసు తేలికపడుతుంది. వాళ్ళకి చెబితే వాళ్ళ కుక్కలు బతుకుతాయి. ఇవాళ టీకా వేస్తే పనిచేస్తుందా, చెయ్యదా?”

“జబ్బు తగలకముందైతే చేస్తుంది.”

“మరి ఇక్కడేం చేస్తున్నారు మీరు?”

టీకా కార్డు చూసినప్పటి నుంచి తను మోస్తున్నది పెద్ద బరువనుకున్నాడు కాంపౌండరు. ఆ బరువు దింపుకునే చోటు వెతుక్కోవడంలో పన్నెండు కుక్కలు ఇంకా పన్నెండు వీధుల్లో తిరుగుతున్న సంగతి పక్కకి పోయింది.

“వెళ్తాను,” అని తిరగబోయాడు.

“ఆగండి. ఇది మాత్రం చెప్పి వెళ్ళండి.” ఆమె గుమ్మంలో కూర్చున్న కూతుర్ని చూపించింది. “విన్నది లెండి. అయినా దానివైపు తిరిగి చెప్పండి. నేను చెబితే నమ్మదు.”

అతను పిల్ల వైపు తిరిగాడు. పెద్దవాళ్ళకి చెప్పడమే నయమనిపించింది. “అమ్మ బయటికి తీసుకెళ్ళడం వల్ల కాదమ్మా. నేను వేసిన టీకా పాడైపోయింది. పాడైందని తెలిసీ వేశాను.”

“తెలిసీనా?”

“అనుమానం ఉంది. తెలిసినట్టే.”

“మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

“సిగ్గేసింది.”

పిల్ల పుస్తకం మూసింది. “ఇప్పుడు వెయ్యట్లేదా?” అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

“వేస్తోందమ్మా,” అన్నాడు. “అప్పటికంటే ఎక్కువ.”

రెండు మెట్లు దిగాక వెనక్కి తిరిగి చూశాడు. గుమ్మంలోంచి కనిపించింది ఒక్కటే: పిల్ల వెళ్ళి మిషను పక్కన నేల మీద, తల్లి మోకాలికి ఆనుకుని కూర్చుంది.

*

మందుల ఏజెన్సీకి ఫోను చేసి కొత్త పెట్టె ఒకటి మర్నాడు పొద్దున్నే ఐసుపెట్టెలో పంపమన్నాడు. రిజిస్టరులోంచి పన్నెండు చిరునామాలు చీటీ మీద రాసుకున్నాడు. సాయంత్రంలోగా పన్నెండు తలుపులూ తట్టాడు.

మొదటి ఇంట్లో “చిన్న డాక్టరుగారే వచ్చారు, రండి రండి” అని కుర్చీ వేశారు. అతను నిలబడే చెప్పాడు. కుర్చీ వేసినాయన దాన్ని తిరిగి లోపల పెట్టేశాడు. రెండో ఇంట్లో ముసలాయన చెవి దగ్గరగా పెట్టి మూడుసార్లు చెప్పించుకున్నాడు. మూడుసార్లూ చెప్పాడు. ఒకామె వీధంతా వినబడేలా తిట్టింది. ఒకతను నవ్వి, “మా వాడికి ఇనుప గుగ్గిళ్ళు కూడా అరుగుతాయి లెండి, రేపు తెస్తాను” అన్నాడు. ఆ నవ్వే అన్నిటికంటే కష్టంగా తోచింది.

పదో ఇల్లు బస్సు డ్రైవరుది. అక్కడ కుక్క మొరగలేదు. తలుపు చాటున పడుకుని ఉంది. కళ్ళ మూలల్లో అదే పచ్చటి చీము. కాంపౌండరు చెబుతుంటే డ్రైవరు చివరిదాకా విన్నాడు. విని, “నిన్న ఆ కళ్ళు చూసి రోడ్డు దుమ్మనుకున్నా,” అన్నాడు. తర్వాత తలుపు వేసేశాడు. గట్టిగా కాదు, మామూలుగానే.

శనివారం పొద్దున డాక్టరుగారు స్కూటరు ఆపేసరికి క్లినిక్కు ముందు పది కుక్కలు, పదిమంది మనుషులు. కాంపౌండరు కుక్కకీ కుక్కకీ మధ్య నాలుగడుగులు ఎడం ఉండేలా నిలబెడుతున్నాడు. డాక్టరుగారు హెల్మెట్ తియ్యకుండానే కాసేపు చూశారు. కాంపౌండరు దగ్గరికి వచ్చాడు.

“చెప్పేశాను సార్. బస్సు డ్రైవరు కుక్కకి అప్పటికే జబ్బు మొదలైంది. మీ పేరు ఎక్కడా ఎత్తలేదు. సాయంత్రం తాళాలు ఇచ్చేసి వెళ్తాను.”

డాక్టరుగారు లోపలికి వెళ్ళి చేతులు కడుక్కున్నారు.

మొదటి కుక్కని బల్ల ఎక్కించగానే కాంపౌండరు అలవాటుగా సిరంజి అందుకున్నాడు. “మీరొద్దు,” అంది కుక్కతో వచ్చినావిడ. “పెద్దాయన్ని వెయ్యమనండి.” అతను సిరంజి ట్రేలో పెట్టి, వెనక్కి జరిగి, కుక్క మెడ పట్టుకున్నాడు. ఆ పూటంతా పట్టుకోవడమే పని. ప్రతి సీసా తీసేముందు ఫ్రిజ్ థర్మామీటరు తెచ్చి యజమానికి చూపించాడు. కొందరు చూశారు. కొందరు అతని వైపు చూడటం ఇష్టంలేక దాన్ని కూడా చూడలేదు. పదకొండోది కాస్త ఆలస్యంగా వచ్చింది. మూడు కుక్కలు డాక్టరుగారి సూదికి కుయ్యిమన్నాయి.

మధ్యాహ్నం అయ్యాక డాక్టరుగారు సెలైన్ సీసాలు, దూది, యాంటీబయాటిక్ సంచిలో సర్ది భుజాన వేసుకున్నారు. “ఆ డ్రైవరిల్లు నీకు తెలుసుగా. ఎక్కు,” అన్నారు స్కూటరు దగ్గర.

డ్రైవరు తలుపు తీసి, కాంపౌండరుని చూసి మళ్ళీ వెయ్యబోయాడు. డాక్టరుగారు తలుపు అంచున చెయ్యి వేశారు.

“తప్పు మాది,” అన్నారు. “ఫ్రిజ్ నాది, క్లినిక్కు నాది, చూసుకోవాల్సినవాణ్ణి నేను. అది తర్వాత తేలుద్దాం. ముందు కుక్కని చూడనివ్వండి. దీనికింకా మెదడుకెక్కలేదు, టైముంది.”

డ్రైవరు వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత పక్కకి జరిగాడు. కాంపౌండరు చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళి, నీళ్ళు కాచి ఇమ్మని అడిగాడు. రెప్పలు ఎలా నానబెట్టాలో, దూది ఎటునుంచి ఎటు తుడవాలో, గిన్నె ఎందుకు వేరుగా పెట్టాలో డ్రైవరు భార్యకి చేసి చూపించాడు. రెండో కంటికి ఆమే చేసింది.

తిరిగి వచ్చేప్పుడు స్కూటరు క్లినిక్కు వైపు మళ్ళలేదు. టైలరమ్మ సందు మొదట్లో ఆగింది. “నువ్వుండు,” అని డాక్టరుగారు ఒక్కరే మెట్లెక్కారు.

కాంపౌండరు సంచి ఒళ్ళో పెట్టుకుని స్కూటరు మీద కూర్చున్నాడు. చాలాసేపు పడుతుందనుకున్నాడు. అయిదు నిమిషాలైనా కాకముందే డాక్టరుగారు దిగి వచ్చారు. హెల్మెట్ చేతిలోకి తీసుకుని, పెట్టుకోకుండా, దాని పట్టీ సరిచేస్తూ నిలబడ్డారు.

“ఏమన్నారు సార్?”

“నేనన్న మాట తప్పని చెప్పాను. ఆమె వల్ల కాదన్నాను.” పట్టీ బిగించారు, మళ్ళీ వదులు చేశారు. “ఏమీ అనలేదయ్యా. కూర్చోమంది.”

కాంపౌండరు ఆయన వైపు చూశాడు.

“కూర్చోలేకపోయాను,” అన్నారు డాక్టరుగారు.